ఎగువన వాన లేదు, ఇక్కడ మూడో హెచ్చరిక

(మా ఊరి గ్రంథాలయంలో నెలనెలా పెట్టుకునే ఆదివారం సమావేశంలో, ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మిత్రుడు ఒకరు మాట్లాడింది ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం ఫోన్ రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, నేనేం కరవను. ఆ ఫ్యాను ఇటు తిప్పకు బాబూ, అటే ఉండనీ. నాకు చెమట పడుతున్న మాట నిజమే గానీ ఇది ఫ్యానుకి తగ్గే చెమట కాదు.

నిజంగానే చెప్తున్నా. ఈ చెయ్యి చూడండి. వణుకుతోందా? మైకు తడిసిపోయింది. నాలుక అట్టముక్కలా ఉంది. పొద్దున్నుంచి బాత్రూముకి నాలుగుసార్లు వెళ్ళొచ్చా. మా అమ్మాయి కొనిపెట్టిన వాచీ, గుండె నిమిషానికి 112 సార్లు కొట్టుకుంటోందని చూపిస్తోంది. ఇంతకీ నేను మాట్లాడాల్సింది దేని గురించి? టెన్షన్ వస్తే ఒంట్లో ఏమవుతుందో దాని గురించి. మన హైస్కూల్లో సైన్సు మాస్టారు ఎముకల బొమ్మ తెచ్చి బల్ల మీద నిలబెట్టి పాఠం చెప్పేవారు, గుర్తుందా? ఇవాళ మాస్టారు రాలేదు, ఆ బొమ్మే పాఠం చెప్తోంది అనుకోండి.

నేను డాక్టర్ని కాదండి. ముప్పై ఎనిమిదేళ్ళు ఏటిగట్టు మీద తిరిగినవాణ్ణి. ఈ జబ్బుని చదవలేదు, పడ్డాను. అంతవరకే నా అర్హత.

2022 జూలై గోదావరి వరద మీకందరికీ గుర్తే. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రాత్రులన్నీ నేను గట్టు మీదే ఉన్నా. ఇసుక బస్తాలు, సరుగుడు బాదులు, టార్చిలైట్లు, ఎక్కడ ఊట కనిపించిందంటే అక్కడికి పరుగు. నాకేమైనా అయ్యిందా? ఏమీ కాలేదు. దడ లేదు, వణుకు లేదు, వానలో నిలబడి పులిహోర పొట్లం తిన్నా. 1986 ఆగస్టులో వచ్చింది ఇంతకంటే పెద్దది, 35 లక్షలు, అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాణ్ణి, అప్పుడూ ఏమీ కాలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా పెరట్లో కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడుతుంటే మా అమ్మనీ గేదెనీ ఒకే గదిలో పెట్టి తలుపుకి వీపు ఆనించి తెల్లవార్లూ నిలబడ్డా, అప్పుడూ కాలేదు. మరి ఎప్పుడయ్యిందయ్యా అంటే, 2022 నవంబరులో, మబ్బు తునక లేని పొద్దున, ఏరు తేటగా పడుకుని ఉంటే, సఖినేటిపల్లి రేవులో, మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు ఎక్కి నరసాపురం పెళ్ళి భోజనానికి పోతున్నప్పుడు అయ్యింది. వరదకి రాని భయం వంకాయ కూరకి వచ్చింది.

ఎలా మొదలైందో చెప్తా. పంటు సగం ఏట్లోకి వచ్చింది. గుండె ఒక్క దెబ్బ తప్పింది. చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని అడుగేస్తే మెట్టు లేకపోతే ఎలా ఉంటుంది, అలా. వెంటనే దౌడు. ఊపిరి చాలదు. పీలుస్తున్నా, ఇంకా పీలుస్తున్నా, చాలదు. పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టు తిమ్మిరి. ఆ తర్వాత వేళ్ళు. వేళ్ళన్నీ దగ్గరకొచ్చేసి, బొటనవేలు లోపలికొచ్చేసి, బిగుసుకుపోయాయి. అన్నం ముద్ద కలిపి నోట్లో పెట్టుకోబోయే చెయ్యి ఎలా ఉంటుంది? అదిగో అలా. ముద్ద మాత్రం లేదు. పెళ్ళికి పోతున్నాను కదా, చెయ్యి ముందే తయారైపోయింది.

అయిపోయిందనుకున్నా. పోతున్నా, అంతే. అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏంటో చెప్పమంటారా? పెళ్ళాం కాదు, పిల్లలు కాదు, వెంకన్నబాబు కాదు. బండి! పంటు మీద నా బండి ఉంది, తాళం నా జేబులో ఉంది. నన్ను నలుగురూ పట్టి దింపుతారు, బండి ఎవడు దింపుతాడు? రెండో ఆలోచన: నన్ను వెనక్కి తెచ్చేటప్పుడు శవానికి టిక్కెట్టు తీసుకుంటారా, లగేజీ కింద రాస్తారా? మూడోది: జేబులో చదివింపుల కవరు ఉంది, 1,116 రూపాయలు. ఇది పెళ్ళివారికి చేరుతుందా, నా దినం ఖర్చులో కలిపేస్తారా? అది తలచుకునేసరికి నాకు నవ్వొచ్చిందండి. చచ్చిపోతూ నవ్వుతున్నా. పక్కన రొయ్యల బుట్టతో కూర్చున్న మామ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏం బాబూ, గ్యాసా?" అంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతా, ఎందుకంటే ఈ గ్యాసు సంగతి తేల్చకుండా ముందుకి పోతే నాది తప్పవుతుంది. మనకి గుండె పట్టేసినా గ్యాసే, దడ వచ్చినా గ్యాసే, కళ్ళు తిరిగినా గ్యాసే, అన్నిటికీ ఒకటే మందు, సోడా. మా వీధిలో ఇద్దరు గ్యాసే అనుకుని సోడా తాగి పడుకున్నారు, లేవలేదు. ఇది మాత్రం జోకు కాదు. నేను ఇవాళ చెప్పేవన్నీ విని, రేపు గుండెల్లో నొప్పొస్తే "ఆ, టెన్షనే, ఆయన చెప్పాడుగా" అని ఇంట్లో కూర్చున్నారనుకోండి, ఆ పాపం నాకొద్దు. మొదటిసారి వచ్చిందంటే ఆస్పత్రికి పోవాల్సిందే, ఈసీజీ తీయించాల్సిందే. థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది, రక్తం తక్కువైనా వస్తుంది, అవీ చూపించుకోవాల్సిందే. అన్నీ చూశాక, ఏమీ లేదన్నాక, అప్పుడు నవ్వండి.

నేనూ పోయాను. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, గుండె దెబ్బతింటే రక్తంలో ట్రోపోనిన్ అనేది పెరుగుతుందట, అది కొన్ని గంటలాగి మళ్ళీ తీశారు. సాయంత్రానికి డాక్టరు గారు వచ్చి, "అంతా నార్మలండి, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. నాకెలా ఉండాలి? ఆనందంగా ఉండాలా వద్దా? నిజం చెప్తున్నా, అవమానంగా ఉంది. ఊళ్ళో స్టెంటు వేయించుకున్నవాడికి ఒక హోదా ఉందండి. వాడు నడుస్తుంటే నలుగురూ పక్కకి తప్పుకుంటారు, పెళ్ళిళ్ళలో వాడికి విడిగా ఉప్పులేని కూర. నాకేముంది? "టెన్షనట" అని ఒక మాట. మా మేనత్త బత్తాయిలు పట్టుకుని బస్సెక్కి వచ్చింది. ఏమీ లేదని తెలిసింది. ఆ సంచీ మంచం మీద పెట్టాలా, వెనక్కి తీసుకుపోవాలా అని ఒక్క క్షణం ఆలోచించింది. నేను చూశా. పెట్టిందిలెండి, పెద్ద మనసు.

ఈ అవమానం నాకొక్కడికే అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, నూట యాభై ఏళ్ళ కిందటే అమెరికాలో అంతర్యుద్ధం సిపాయిలకి ఇదే గోల. గుండె దడ, గుండెల్లో నొప్పి, ఆయాసం. పరీక్ష చేస్తే గుండె బాగానే ఉంది. డా కోస్టా అనే డాక్టరు 1871లో వాళ్ళ గురించి రాశాడు. "సైనికుడి గుండె" అని దానికి పేరు కూడా వచ్చింది. చూడండి, వాళ్ళకి అదైనా దక్కింది. సైనికుడి గుండె! ఎంత బాగుంది పేరు. మనకేమో గ్యాసు.

గేట్లెత్తిందెవరు?

సరే, అసలు ఒంట్లో ఏమవుతుంది? నాకు తెలిసిన భాషలో చెప్తా, నా భాష వరద భాష.

భద్రాచలం దగ్గర 43 అడుగులు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మనకి ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటిది, 13కి రెండు, 17కి మూడు. మూడోది వచ్చిందంటే ఏం చేస్తాం? లంకలు ఖాళీ చేయిస్తాం, పడవలు దింపుతాం, స్కూళ్ళు మూసేస్తాం, సెలవు మీదున్నవాణ్ణి కూడా పిలిపిస్తాం. అప్పుడు ఎవరైనా పెళ్ళి చూపుల సంగతి మాట్లాడతారా? మాట్లాడరు. అన్ని పనులూ బంద్, ఒకటే పని.

ఒళ్ళూ అంతేనండి. మూత్రపిండాల నెత్తిన టోపీల్లా రెండు గ్రంథులు కూర్చుని ఉంటాయి. ప్రమాదం అనగానే అవి అడ్రినలిన్ వదుల్తాయి. గుండె జోరు పెరుగుతుంది, నెత్తురంతా కాళ్ళకీ చేతులకీ పోతుంది, పారిపోవాలన్నా కొట్టాలన్నా అవే కావాలిగా. నోట్లో లాలాజలం బంద్, ఇప్పుడు భోజనమేంటి? పైన పొట్ట పని ఆపేస్తుంది, అందుకే తిప్పుతుంది. కింది పేగు మాత్రం జోరు పెంచుతుంది, అందుకే నాలుగుసార్లు బాత్రూము. చెమట పట్టేది ఒళ్ళు కాగిపోకుండా. "తన్నడమో, తప్పుకోవడమో" అని ఈ ఏర్పాటు గురించి వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1915లోనే వివరంగా రాశాడు. మంచి ఏర్పాటే. 1996లో నేను తలుపుకి వీపు ఆనించి నిలబడింది దాని బలంతోనే. అప్పుడు గుండె ఎంత కొట్టుకుందో ఎవడు లెక్కపెట్టాడు? తలుపు పట్టుకోవడమే సరిపోయింది. ఇప్పుడు తలుపు లేదు, గాలి లేదు, చేతిలో వాచీ ఉంది. ఇక లెక్కే లెక్క.

పంటు మీద జరిగింది అదే. ఎగువన చుక్క వాన లేదు, బ్యారేజీ మీద 175 గేట్లూ ఎవడో ఎత్తేశాడు. గమనించండి, నీటిమట్టం చూపించే గేజీ చెడిపోలేదు. గుండె నిజంగానే దౌడు తీస్తోంది, వేళ్ళు నిజంగానే బిగుసుకున్నాయి. "ఏమీ లేదు, అంతా నీ భ్రమ" అంటారు చూడండి, వాళ్ళని నేను ఒప్పుకోను. నీళ్ళు నిజం, వరద అన్న కబురే అబద్ధం. నేను నవ్వేది నీళ్ళని చూసి కాదు, ఆ కబురు మోసుకొచ్చినవాణ్ణి చూసి.

ఊపిరి చాలలేదన్నానే, అది ఇంకా విచిత్రం. గాలి చాలక కాదట, ఎక్కువై! ఆత్రంగా పీలుస్తూ వదుల్తూ ఉంటే నెత్తుట్లో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. అది తగ్గితే మెదడుకి పోయే నాళాలు బిగుసుకుని కళ్ళు తిరుగుతాయి, నెత్తుట్లో కాల్షియం లెక్క తేడా చేసి పెదాలు తిమ్మిరెక్కుతాయి, వేళ్ళు ముద్ద పడతాయి. అంటే ఊపిరి ఆడట్లేదని ఊపిరి పీల్చి పీల్చి ఊపిరి ఆడనట్టు చేసుకుంటాం. పక్కింటివాడితో గొడవ పడి సొంత ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. సినిమాల్లో చూపిస్తారు కదా అని కాగితం సంచీ మూతికి పెట్టుకోకండి, అది నిజంగా గుండె జబ్బో ఉబ్బసమో అయితే ప్రాణం మీదకి వస్తుంది. నెమ్మదిగా వదలడం, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలడం, అంతే. ఇలాంటి దాడి చాలావరకు పది నిమిషాల్లో ముదిరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. నా విషయంలో పంటు అవతలి రేవుకి చేరేసరికి తగ్గడం మొదలైంది. వేళ్ళు విడిచాయి. బండి నేనే దింపుకున్నా.

ముల్లు కథ చెప్పకపోతే మా ఆవిడ ఒప్పుకోదు, ముందు వరసలోనే కూర్చుంది. మరుసటేడు ఆగస్టులో, ఎర్రనీరు వచ్చిందిగా, మా బావ పులస తెచ్చాడు. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు, మేం పుస్తెలు అమ్మలేదు గానీ ఆ ధర వింటే మెడ తడుముకోవాల్సి వచ్చింది. తిన్నాం. ఆ రాత్రి గొంతులో ముల్లు. అన్నం ముద్ద మింగా, పోలేదు. అరటిపండు మింగా, పోలేదు. గొంతు డాక్టరు గారు గొట్టం పెట్టి చూశారు, ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోవడమేంటండీ, నాకు తెలుస్తుంటే! అన్నం తింటే బాగానే దిగుతుంది, ఊరికే ఉమ్మి మింగితే అడ్డం. ఇది దీని లక్షణమేనట, భయం గొంతు కండరాల్ని బిగించి ఉండ ఉన్నట్టు చేస్తుందట. తిండే అడ్డం పడుతుంటే, మనిషి చిక్కిపోతుంటే అది వేరే సంగతి, వెంటనే చూపించుకోవాలి. నాది ఉమ్మికే. సెప్టెంబరు, అక్టోబరు, దీపావళి, కార్తీకమాసం, ముల్లు అలాగే ఉంది. మా ఆవిడ ఏమందో తెలుసా? "అంత డబ్బు పోసి కొన్నాం, ఉండనీయండి, ముల్లయినా మిగిలింది." సంక్రాంతికి అల్లుళ్ళూ పిల్లలూ వచ్చారు, ఇల్లంతా సంత, మూడురోజులు ఒళ్ళు తెలియలేదు. కనుమ నాడు సాయంత్రం గుర్తొచ్చింది, అరే, ముల్లేదీ? లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. గుర్తొచ్చిన పావుగంటకి మళ్ళీ వచ్చింది. అది నా తప్పే, పిలిచాను కాబట్టి వచ్చింది.

రిజిస్టరు

ఇంక వెటకారం సంగతి. గోదావరోళ్ళకి వెటకారం ఎక్కువని బయటివాళ్ళు అంటారు, మనం ఆయ్ అని ఒప్పుకుంటాం, అందులోనూ వెటకారమే. చావింట్లో కూడా టీలో పంచదార తక్కువైందనే జనం మనం. కాష్ఠం అంటుకునేలోపు పోయినాయన మీద పది కథలు చెప్పుకుని నవ్వుతాం, ఏడుస్తూనే నవ్వుతాం. నేను ఆ వెటకారాన్ని నా ఒంటి మీదకి తిప్పా.

ఎలాగంటే, వరద రోజుల్లో మేం గంటగంటకీ గేజీ చూసి రిజిస్టరులో రాస్తాం. టైము, మట్టం, పెరుగుతోందా తగ్గుతోందా, రిమార్కులు. రాత్రి నిద్ర పట్టక నేను ఒక పాత నోటుపుస్తకంలో అలాగే రాయడం మొదలెట్టా. తెచ్చాను, రెండు మూడు చదువుతా, వినండి.

"రాత్రి 2:10. గుండె 118. రెండో హెచ్చరిక. ఎగువన వర్షం లేదు. కారణం: కుక్క అరిచింది."

"రాత్రి 2:40. 104. తగ్గుముఖం. కుక్క పడుకుంది. నేను పడుకోలేదు."

"తెల్లవారి 4:00. ఎడమ చెయ్యి లాగుతోంది. గుండెపోటు అనుకుని వీలునామా ఆలోచించాను. ఆస్తి రెండు నిమిషాల్లో అయిపోయింది. చెయ్యి మీద పడుకున్నట్టు తర్వాత తెలిసింది."

నవ్వుతున్నారు. నవ్వండి, అందుకే చదివా. ఇలా రాస్తే జబ్బు పోతుందా? పోదు. కానీ రాసేవాడు వేరు, పోతున్నవాడు వేరు అవుతారు. ఒక్క అడుగు దూరం వస్తుంది. గట్టు మీద నిలబడ్డవాడికీ ఏట్లో ఉన్నవాడికీ మధ్య ఉన్నంత దూరం. అర్ధరాత్రి అదే చాలు.

మా బావకి ఇందులో సగం పుణ్యం ఉంది. ఒకరాత్రి ఫోన్ చేశా, "బావా, నేను పోయేలా ఉన్నాను" అన్నా. అటునుంచి, "సరే గానీ, నాకివ్వాల్సిన నలభై వేలు ఎక్కడ పెట్టావో చెప్పి పో" అన్నాడు. నాకు కోపం రావాలా? రాలేదు. నవ్వొచ్చింది, నవ్వితే ఊపిరి దానంతట అదే వదిలింది. పది నిమిషాల్లో బండేసుకుని వచ్చి తెల్లారేదాకా అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. నలభై వేల ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఇదిగో, మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నా, ఇంకా ఇవ్వలేదు.

ఇక్కడివరకు బాగానే ఉంది. కానీ నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలిగా. ఏడాదిన్నర పాటు ఆఫీసులో, టీకొట్టు దగ్గర, అందరి ముందూ ఈ జోకులేశా. "రేపటికి ఉంటానో లేదో, ఇవాళ టీ డబ్బులు నువ్వే ఇవ్వు" అని. అందరూ నవ్వేవారు. ఎనిమిది కిలోలు తగ్గా, నవ్వేవారు. పంటు ఎక్కడం మానేసి రాజోలు మీదుగా చుట్టూ తిరిగి పోయేవాణ్ణి, దాని మీదా నేనే జోకేశా, నవ్వేవారు. వాళ్ళదేం తప్పు? నేను నవ్వమన్నాను, నవ్వారు. ఎవరికీ అనుమానం రాకుండా దాచడానికి జోకంత మంచి తెర ఇంకోటి లేదండి. ఒకరాత్రి మూడింటికి మా ఆవిడ లేచి చూస్తే నేను అరుగు మీద రిజిస్టరు రాస్తున్నా. తీసుకుని మొదటి పేజీ నుంచి చదివింది, లైటు కింద నిలబడి, మొత్తం. నేను నవ్వుతుందేమో అని చూస్తున్నా. పుస్తకం మూసి, "ఇందులో నవ్వడానికేముందండి?" అంది. మర్నాడు మానసిక వైద్యురాలి దగ్గరకి తీసుకుపోయింది.

ఆ మేడమ్ గారు మాత్ర రాసిచ్చారు. పెట్టెలో చీటీ ఉంటుంది కదా, ఈ మందు వేసుకుంటే రాగల ఇబ్బందులు అని, చదివా. గుండె దడ, చెమట, వణుకు, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం. ఇవన్నీ నా దగ్గర ఊరికే ఉన్నవే కదండీ, మళ్ళీ డబ్బులు పెట్టి కొనడమెందుకు అన్నా. ఆవిడ నవ్వలేదు, "మొదటి రెండు వారాలు ఓపిక పట్టండి" అన్నారు. పట్టా. అయిదో వారానికి తెలిసింది, రాత్రి కుక్క అరిస్తే కుక్క అరిచిందనే అనిపించింది. మాత్ర ఒక్కటే కాదు, కూర్చోబెట్టి మాట్లాడించేవారు కూడా. డాక్టరు దగ్గరకి పోవడానికి మొహమాటమైతే టెలీమానస్ అని ప్రభుత్వం నంబరు ఉంది, 14416, 2022 అక్టోబరు నుంచి ఉంది, ఎప్పుడు చేసినా డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. రాసుకోండి. రాసుకునేది ఎవరో నేను చూడనులెండి, అటు తిరుగుతా.

మేడమ్ గారు ఇంకో పని పెట్టారు. పని లేకపోయినా సరే పంటు ఎక్కాలి. భయం వస్తే రానివ్వాలి, మధ్యలో పారిపోకూడదు, అదెలాగూ కుదరదు, ఏట్లో ఎక్కడికి పారిపోతాం. సరే, రోజూ సాయంత్రం ఇటు ఎక్కడం, అటు దిగడం, రేవులో ఒక టీ, మళ్ళీ ఇటు. మొదటివారం నరకం. మూడో వారానికి ఆవలింతలు. నాలుగో వారంలో టిక్కెట్టు కోసే కుర్రాడు దగ్గరగా వచ్చి, "తప్పుగా అనుకోకండి బాబుగారూ, అటేపు ఎవరైనా ఉన్నారాండి?" అన్నాడు. అరవై ఏళ్ళొచ్చాయి నాకు! నరసాపురంలో చిన్నిల్లు పెట్టానని ఊళ్ళో పుకారు. మా ఆవిడ చెవిన పడింది. ఆవిడ ఏమందో ఆవిణ్ణే అడగండి, ముందు వరసలోనే ఉంది. "ఆ దడకైతే మందుంది, దీనికి లేదు" అంది.

ఇంకొక్కటి చెప్పి దిగిపోతా. ఇది చెప్పడానికే వచ్చాను నిజానికి.

మా అక్క కూతురు. ఇంటర్లో ఉండగా పరీక్ష అంటే చాలు, పొద్దున్నే వాంతులు. ఎంసెట్ మాక్ టెస్టులకీ అంతే. ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం. ఒకసారి పండక్కి ఇల్లంతా చుట్టాలుండగా దానికి ఒక పేరు పెట్టారు, "డోకుల రాణి" అని. ఆ పేరు అతుక్కుపోయింది, చిన్నపిల్లలు కూడా పిలిచేవారు. పెట్టినవాడు ఎవడు? మీ ముందు మైకు పట్టుకుని నిలబడ్డవాడే. ఆ పిల్ల కూడా నవ్వింది ఆ రోజు, అందుకని తప్పనిపించలేదు. తర్వాత ఎవరికీ చెప్పడం మానేసింది, అంతే. పరీక్ష రోజు ట్యాపు తిప్పేసి వాంతి చేసుకునేదట, శబ్దం రాకుండా. ఇది నాకు పంటు ఎక్కాక, చెయ్యి ముద్ద పట్టాక, మేనత్త బత్తాయిలు చూశాక అర్థమైంది. అదే మాట, అదే నవ్వు, జబ్బు ఉన్నవాడు అంటే ఒకలా ఉంటుంది, పక్కవాడు అంటే ఇంకోలా ఉంటుంది. మా బావ నాతో అన్నాడంటే, అని ఊరుకోలేదు, బండేసుకుని వచ్చాడు. నేను రాలేదుగా ఆ పిల్ల దగ్గరకి.

పోయాను తర్వాత. ఏం చెప్పాలో తెలియక ఈ రిజిస్టరు చేతికిచ్చా. చదివింది. చాలాసేపు చదివింది. నవ్వలేదు, ఏడవలేదు. బ్యాగులోంచి పెన్ను తీసి, "మావయ్యా, మీ రిజిస్టరు తప్పు. గుండె ఒక్కటే రాస్తున్నారు, కడుపు రాయట్లేదు" అని స్కేలు పెట్టి గీత గీసి కొత్త కాలమ్ కలిపింది. ఇదిగో, చూడండి, ఈ పేజీ నుంచి ఎర్ర గీత. పైన దాని చేతిరాతతోనే రాసింది: "డోకులు (రాణిగారి శాఖ)".

ఇప్పుడు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. పరీక్షల రోజుల్లో పొద్దున్నే మెసేజీ వస్తుంది, "మూడో హెచ్చరిక జారీ. లంకలు ఖాళీ. హాల్ టికెట్ ఒడ్డున ఉంది." నేను ఫోన్ చేస్తా, హాల్లోకి పోయేదాకా ఏదో ఒకటి వాగుతూ ఉంటా. ఇవాళ మీ ముందు మాట్లాడతానని నిన్న చెప్తే, పొద్దున్నే నాకే మెసేజీ పెట్టింది. చదువుతా: "మావయ్యా, స్టేజీ మీద పడిపోయేటట్టుంటే ముందు మైకు ఆఫ్ చేసి పడండి, లేకపోతే దబ్బున ఊరంతా వినిపిస్తుంది."

వచ్చీ రాగానే చూసుకున్నానండి ఆ బటన్ ఎక్కడుందో. ఇదిగో, ఇక్కడ.